అంగూర్ తోటలో రెండు కెమెరాలు

1996 మార్చి 10, ఆదివారం. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే దారిలో బాల్‌రెడ్డి పటేలు ద్రాక్షతోట. హాజరైనవారు: నేను, నా భార్య సుగుణ, మా అమ్మ, మా పెద్దపిల్ల వాణి, పదకొండేళ్లు, చిన్నవాడు రఘు, ఆరేళ్లు, సుగుణ తమ్ముడు యాదగిరి, మేడ్చల్‌లో చిన్న ఫోటో స్టూడియో నడిపేవాడు, తోట యజమాని పటేలు. ఎండ బాగా ఉంది. గాలి లేదు.

ఇప్పుడు మేము గుండ్లపోచంపల్లిలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటున్నాం. పోయిన వారం కింద తోటమాలి గులాబీ మొక్కలకు తెగులు మందు కొడుతుంటే మైలుతుత్తం, తడి సున్నం కలిసిన వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. టీ గ్లాసు పక్కన పెట్టి వంటింట్లో ఉన్న సుగుణ వైపు చూశాను. ఆమె కూడా గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఆ వాసన వస్తే ఇప్పటికీ మాకు ఆ తోటే గుర్తొస్తుంది.

నేను చెప్పబోయేది నా బాల్యం గురించి కాదు, మా పిల్లల బాల్యం గురించి. నా చిన్నతనాన్ని పక్కన కూర్చుని రాసిపెట్టినవాళ్లు ఎవరూ లేరు. పిల్లల చిన్నతనానికి మాత్రం నేనున్నాను. పదో తరగతి నుంచి డైరీ రాసే అలవాటు. తేదీ, చోటు, ఎవరెవరు ఉన్నారు, ఎండా వానా, ఆ తర్వాత జరిగింది, ఇదీ నా వరస. అందుకని వాళ్లు మరిచిపోయిన ఎండాకాలాలు కూడా నా దగ్గర ఉన్నాయి. బాల్యం గడుపుతున్నవాళ్లకు అది ఆటగానే ఉంటుంది. పక్కన నిలబడి చూసేవాడికి అందులో సగం భయం.

మేము అప్పుడు మేడ్చల్‌లో పెద్దరోడ్డుకు రెండు సందుల అవతల పెంకుటింట్లో అద్దెకు ఉండేవాళ్లం. చలికాలం పొద్దున సుగుణ పొయ్యి మీద సర్వపిండి గిన్నెకు ఒత్తి కాలుస్తుంటే నువ్వులు చిటపటలాడే చప్పుడుకే పిల్లలు దుప్పట్లోంచి లేచి వచ్చేవాళ్లు. ఎండాకాలం వచ్చిందంటే గోలీలు, చిర్రగోనె అనే బిళ్లంగోడు, మిట్టమధ్యాహ్నం గడపలో అష్టాచెమ్మా, పచ్చి మామిడికాయ ముక్కల మీద ఉప్పుకారం, మధ్యలో మా అమ్మ తిట్లు. మొదటి వానకు ఉసిళ్లు లేచి దీపం చుట్టూ రెక్కలు రాల్చేవి. ఆ రెక్కలను రఘు అగ్గిపెట్టెలో దాచుకునేవాడు. ఉగాదికి బచ్చాలు చేస్తే పూర్ణం ఉడికే వాసన సందు చివరి దాకా పోయేది. ఇవన్నీ వాళ్లకు ఉన్నాయి. నాకు మాత్రం పెద్దరోడ్డు మీద పోయే లారీల హారను, కరెంటు మోటర్ల స్టార్టర్ డబ్బాలు, వంగతోటల్లో పాములు, నేలతో సమానంగా నోరు తెరిచి ఉండే వ్యవసాయ బావులు కనిపించేవి.

అలా కనిపించడానికి కారణం నా ఉద్యోగం. శామీర్‌పేట వైపు ఒక సర్కారు దవాఖానలో నేను ఫార్మసిస్టుని. సీసాలకు చీటీలు అంటించుకునే నా బల్ల ముందునుంచే ఎవరినైనా లోపలికి తీసుకుపోవాలి. బడులకు సెలవులిచ్చారంటే నాకు భయం మొదలయ్యేది. ఒక ఎండాకాలం ఒక పిల్లవాణ్ని మంచం మీద మోసుకొచ్చారు. బావి అంచున కూర్చుని లోపలి గోడ సందుల్లో పావురాల గూళ్లు చూస్తున్నాడట. దూరం నుంచి తండ్రి చూసి, "పడ్తవురా!" అని అరిచాడు. ఆ అరుపుకు ఉలిక్కిపడి పడ్డాడు. ఆ తండ్రి దవాఖాన వరండాలో ఎదురొచ్చిన ప్రతివాడినీ చొక్కా పట్టుకుని, "నేను ఒర్రకపోతే కూసుందు గదా సారూ, గట్లనే కూసుందు గదా" అని అడుగుతూ తిరిగాడు. ఆ రాత్రి ఇంటికి వచ్చి నిద్రపోతున్న మా పిల్లలిద్దరినీ చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

పిల్లలకు వాళ్ల భయాలు వాళ్లకున్నాయి. అన్నిటికంటే పెద్దది మా నాయిన ఫోటో. మా నాయిన బతికుండగా ఆయన ఫోటో ఎవరూ తీయలేదు. పోయిన రోజున ఎవరో స్టూడియో అతన్ని పిలుచుకొచ్చారు. ఆ రోజుల్లో మా వైపు అది అలవాటే. శవానికి స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, వెనకనుంచి ఒకరు పట్టుకుంటే ఫోటో తీసేవారు. ఆయన భుజం మీద ఆ పట్టుకున్నవాడి నాలుగు వేళ్లు ఫోటోలో కనిపిస్తాయి. కళ్లు సగం మూసి ఉంటాయి. ఆ ఫోటో ఉన్న గదిలోకి వాణి, రఘు ఒంటరిగా పోయేవాళ్లు కాదు. నీళ్లు తాగాలన్నా ఇద్దరూ చేతులు పట్టుకుని పోయి, గోడ వైపు చూడకుండా ముంచుకుని, పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్లు.

మా అమ్మ భయం వేరు. ఒంటరిగా ఫోటో దిగడమంటే దండ వేయడానికి సిద్ధం కావడమే అని ఆమె లెక్క. పెళ్లిళ్లలో నలుగురితో కలిసి నిలబడమన్నా కొంగు ముఖం మీదికి లాక్కుని గోడ వైపు తిరిగేది. "నా తానికి ఆ డబ్బా తేకుండ్రి. మీ నాయిన ఒక్కసారి దిగిండు, మల్ల లెవ్వలే" అనేది. నవ్వులాటకు చెప్పినట్టే ఉండేది గాని, కెమెరా తన వైపు తిరిగితే ఆమె చేతివేళ్లు కొంగును ఎంత గట్టిగా పట్టుకునేవో దగ్గరున్నవాళ్లకే తెలుసు. ముగ్గురు కలిసి ఫోటో దిగితే నడిమివాడికి గండమనేది కూడా ఆమె చట్టమే. మా ఆల్బంలో ఎక్కడా ముగ్గురు లేరు; ముగ్గురున్న చోట పక్కింటి పిల్లవాడో, కనీసం ఒడిలో పిల్లో ఉంటుంది.

ఇలాంటి ఇంట్లో కెమెరా కొందామన్న ఆలోచన నాకే పుట్టింది. పిల్లలు రోజుకో తీరుగా పెరుగుతున్నారు. ఎవరి కెమెరానో పండుగకోసారి బతిమాలడం నచ్చలేదు. సంగతి యాదగిరికి చెబితే మర్నాడే రెండు తెచ్చి అరుగు మీద పెట్టాడు. ఒకటి అరచేతిలో పట్టే నల్ల డబ్బా. దాని లెన్సు దానికే అతుక్కుని ఉంటుంది. ఊడదు, ముందుకు రాదు, వెనక్కి పోదు. పైనున్న చిన్న గాజు కిటికీలోంచి చూసి మీట నొక్కడమే. పెద్దగా కనిపించాలంటే మనం దగ్గరికి పోవాలి, అందరూ పట్టాలంటే మనం వెనక్కి పోవాలి. రెండోది అతని స్నేహితుడు అమ్ముతున్న పెద్ద కెమెరా, తోలు సంచితో సహా. సంచిలో మూడు లెన్సులు: ఎక్కువ వెడల్పు పట్టే పొట్టిది, మామూలుది, దూరాన్ని దగ్గరికి లాగే పొడుగుది. తిప్పితే ఒకటి ఊడుతుంది, తిప్పితే ఇంకొకటి ఎక్కుతుంది.

"బావా, ఒక్క లెన్సుది కొంటివనుకో, అది సూపెట్టిందే నువ్వు జూడాలె" అన్నాడు యాదగిరి. "గీ సంచి ఉన్నదనుకో, నిలబడ్డకాడ నిలబడి శామీర్‌పేట చెరువు మొత్తం తీస్తవు. మల్ల గాన్నే నిలబడి అవతలొడ్డు మీద కొంగ కన్ను తీస్తవు."

"కొంగ కన్ను తెచ్చి ఏం జేస్కుందమురా?" అంది సుగుణ. "పిల్లల మొకాలు పడితే సాలు."

"అక్కా, నీకు వంటింట్ల ఒక్క గిన్నెనే ఉన్నదా?"

"నా గిన్నెలు నేను తోముకుంట. వానకాలం బూజు పడితే నీ అద్దాలు ఎవడు తోముతడు? మీ బావనా? ఆయన అద్దం తుడుసుడు మొదలువెట్టిండంటే పిల్లల పెండ్లిళ్లయితయ్."

వాణి మూడు లెన్సుల పక్షం. పొడుగు లెన్సును రెండు చేతులతో పట్టుకుని, పసిబిడ్డను ఒడిలో పెట్టుకున్నట్టు పెట్టుకుంది. రఘు దాన్ని చూసి తుపాకి అనుకుని నా వెనకాల నక్కాడు. నాకైతే ఏదీ తేలలేదు. పెద్ద కెమెరాలో లెన్సు మార్చేంతసేపు కళ్లు కిందికి ఉంటాయి; అంతసేపు పిల్లలు ఎటు పోతారోనని బెంగ. చిన్నదాంట్లో ఆ బాధ లేదు గాని, దానికి ఒకటే చూపు. చివరికి ఒక పద్ధతి పెట్టాను. రెండు కెమెరాల్లో రెండు రీళ్లు వేయాలి. ఒకే చోట, ఒకే వెలుతురులో, అదే మనుషుల్ని తీయాలి. కడిగించి పక్కపక్కన పెట్టి చూడాలి. చోటు పటేలు తోట. ఆయనకు నేను చాలా రోజులు కాలిపుండుకు కట్టు కట్టాను. కాయ దిగే రోజుల్లో పిల్లల్ని తీసుకురమ్మని కబురు పంపుతూనే ఉన్నాడు.

ఇప్పటివాళ్లకు ఆ తోటలు చెబితే నమ్మరు. దారికి రెండు వైపులా రాతి కడీలు, వాటి మీద ఇనుప తీగల పందిళ్లు, పందిళ్ల నిండా ఆకు. లోపలికి అడుగుపెడితే ఎండ పచ్చగా మారేది. అనాబ్‌షాహీ ద్రాక్ష గుత్తులు తలకు తగిలేంత కిందికి వేలాడేవి. ఆకుల మీద మందు కొట్టిన నీలం మరకలు ఎండి పొడిగా రాలేవి. అరటి నార, తడి మట్టి, చిట్లిన పండు మీద ముసిరిన తేనెటీగలు, ఎక్కడో పక్షులను తోలేవాడు డబ్బా మీద కర్రతో కొట్టే చప్పుడు. కూలికి వచ్చే కైకిలి ఆడవాళ్లు కత్తెరతో గుత్తి కోసి ఎండుగడ్డి పరిచిన గంపల్లో పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టేవాళ్లు. ఆ రోజు ఆదివారం కాబట్టి కోత లేదు. ఖాళీ గంపలు ఒక పక్క బోర్లించి ఉన్నాయి. రఘు రెండు చేతులా పండ్లు తింటూ, గింజలు ఎంత దూరం ఉమ్మగలడో చూసుకుంటున్నాడు.

నేను ముందుగా తోట చుట్టూ తిరిగి చూశాను. పందిరి అయిపోయిన చోట గంపలు బండికెక్కించే ఖాళీ జాగా, ఆ జాగాకు అవతల బావి. మోట కొట్టే రోజులు పోయి మోటరు వచ్చాక అంచు రాళ్లు పీకి షెడ్డు గోడకు వాడుకున్నారు. గడ్డి బావి నోటిదాకా పెరిగి ఉంది. దగ్గరికి పోతే తప్ప అక్కడ నేల లేదని తెలియదు. పిల్లలిద్దరినీ పిలిచి, దూరంనుంచే చూపించి, అటు వైపు ఎవరూ పోవద్దన్నాను. పోము అన్నారు. వాణి మాట ఇస్తే తప్పే పిల్ల కాదు.

మొదట పెద్ద కెమెరా. యాదగిరి పందిరికి ఎదురుగా ఒక రాతి కడీ పక్కన నిలబడ్డాడు, అక్కడినుంచి కదలలేదు. పొట్టి లెన్సుతో అందరం వచ్చాం. దుమ్ము పడకుండా అటు తిరిగి, మూత పళ్లతో పట్టుకుని, మామూలుది ఎక్కించాడు. మళ్లీ విప్పి పొడుగుది ఎక్కించి రఘు మూతి మీది పండు రసం దాకా తీశాడు. ఒక్కొక్క మార్పుకూ మేము ఎండలో ఊపిరి బిగపట్టి నిలబడే ఉన్నాం. యాదగిరి స్టూడియోలో నియమం అది. రీలు వృథా అయితే ప్రాణం పోయినట్టుండేది అతనికి. "కదలకుండ్రి, మాట్లాడకుండ్రి, రెప్ప గొట్టకుండ్రి" అని ఒకే గుక్కలో అనేవాడు, ఆ తర్వాత ఏడ్చే పిల్ల కూడా ఏడుపు ఆపాల్సిందే. మా పిల్లలు దాన్ని ఆటగా చేసుకున్నారు. ఒకరు ఇటుక పట్టుకుని కెమెరా అంటారు, మిగతావాళ్లు బిగుసుకుపోతారు, కదిలినవాడు ఔటు. సందు పిల్లలంతా ఆ ఆటలో దోమ కుట్టినా కదిలేవాళ్లు కాదు.

తర్వాత చిన్న కెమెరా. "నేను తీస్త నాయినా, మీట నొక్కుడే గదా" అంది వాణి. సరేనన్నాను. యాదగిరి వచ్చి వరసలో నిలబడ్డాడు. పటేలు తువ్వాలు సవరించుకుని ఒక చివర, అతని పక్కన యాదగిరి, నేను, సుగుణ, చివరికి రఘు. మా అమ్మ ఎప్పటిలాగే వరసలోకి రాలేదు. పక్కకు, బోర్లించిన గంప మీద, కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. వాణి యాదగిరి నిలబడ్డ కడీ దగ్గరే నిలబడి చిన్న కిటికీకి కన్ను ఆనించింది.

"అందరు పడ్తలేరు. పటేలు తాత ఒక్క శెయ్యే వచ్చిండు."

"ఎన్కకు పోవాలె బిడ్డా, గది గంతే" అన్నాడు యాదగిరి. "ఇగ కదలకుండ్రి, మాట్లాడకుండ్రి, రెప్ప గొట్టకుండ్రి."

వాణి వెనక్కి నడిచింది. ఆగింది. తల అడ్డంగా ఊపి మళ్లీ నడిచింది. ఇప్పుడు రఘు పోయాడట. రఘు వస్తే పటేలు పోతున్నాడు. కన్ను కిటికీ నుంచి తీయలేదు. ఆమె లెక్కలో ఆమె ఎక్కడికీ పోవడం లేదు. మా వైపే చూస్తోంది. కడీ దాటింది. గంపల జాగా మధ్యకు వచ్చింది. అప్పుడు ఆమె వెనక గడ్డి తేడాగా కనిపించింది నాకు.

నాతోపాటు అందరికీ కనిపించిందని వాళ్ల ఊపిరి మారిన తీరుతో తెలిసింది. పటేలుకు తన బావి ఎక్కడుందో తెలుసు. అతను అరవడానికి నోరు తెరిచాడు. యాదగిరి కాలు ముందుకు వేయబోతే మణికట్టు పట్టుకుని ఆపాను. ఒకడు తన మీదికి ఉరికివస్తున్నట్టు ఆ కిటికీలో కనిపిస్తే పిల్ల ఏం చేస్తుంది? వెనక్కే వేస్తుంది. అరిస్తే? నా చెవుల్లో దవాఖాన వరండాలోని ఆ తండ్రి గొంతు. పెదవులు కదపకుండా, "ఒర్రకుండ్రి" అన్నాను. సుగుణ గోళ్లు నా మోచేతిలో దిగాయి. ఐదుగురం పక్కపక్కన, చేతులు దించుకుని, ఫోటోకు నిలబడినట్టే నిలబడి ఉన్నాం. వాణి ఇంకా వెనక్కి వస్తోంది. మెల్లగా పిలుద్దామని నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. ఎక్కడో పక్షులను తోలేవాడు డబ్బా కొట్టాడు. ఆ చప్పుడుకు ఆమె ఉలిక్కిపడుతుందనుకున్నాను. ఉలిక్కిపడలేదు. చెప్పుకు గడ్డి తగిలింది. కాలు ఒకసారి విదిలించుకుంది.

"ఓ వాణీ!"

మా అమ్మ గొంతు. రోజూ బువ్వ తినడానికి పిలిచే గొంతే, అంతకంటే పైకి లేదు, కిందికి లేదు. "ఓ పోరీ, గాళ్లను ఇడ్శిపెట్టు. కట్టెలోలె నిలబడ్డరు. నా ఒక్కదానిది తియ్యి."

వాణి కన్ను తీయకుండానే కెమెరాను ఆమె వైపు తిప్పింది. మా అమ్మ కొంగు వెనక్కి తోసేసి, నెరిసిన తల మొత్తం ఎండకు పెట్టి, పళ్లు కనిపించేలా నవ్వుతోంది.

"నిజంగనా అవ్వా?"

"నిజంగనే. గంత దూరంకెల్లి తీస్తే మొకం ఏం గనబడ్తది, ఈగంత? నా నొసటి మీది పచ్చబొట్టు గనబడాలె. దగ్గరికి రా. జల్దీ రా, మల్ల నా మనసు మారుతది."

అవ్వ ఒప్పుకోవడమంటే ఆ ఇంట్లో జరగని పని. వాణి కెమెరా దించి పరుగెత్తుకుంటూ వచ్చింది. మా అమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, "నవ్వు ఆపకు" అంది. ఆమె ఆపలేదు. మీట చప్పుడు వినబడింది. ఆ మరుక్షణం మా అమ్మ చేయి చాచి వాణి మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు పిల్ల చేతి గాజు పగిలింది.

"అబ్బ, ఏందవ్వా!"

"ఏం లేదు. కూసో ఈడ."

నేను నేల మీదే కూర్చుండిపోయాను. సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పందిట్లోకి పోయింది. యాదగిరి ఏదో నవ్వులాట మాట మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. రఘు ఒక్కడే ఇంకా బిగుసుకుని నిలబడి, "అందరు కదిలిండ్రు, నేను గెలిచిన" అన్నాడు. మా అమ్మ పిల్ల చేయి వదలకుండానే పటేలు వైపు తిరిగింది.

"ఏం పటేలా, అంగూరు పండ్లకు కావలి పెట్టినవు. పిట్ట ముట్టకుండ డబ్బ గొట్టిస్తున్నవు. బాయికి ఇన్ని కంపలు కొట్టనీకి శేతులు రాలేదా నీకు?"

పటేలు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "తప్పే సదానందం అమ్మా" అని మాత్రం అన్నాడు. సదానందం నేను.

ఆ రోజు మా అమ్మ తోటలో పెట్టిన బువ్వ ముట్టలేదు. ఇంటికి వచ్చేటప్పుడు యాదగిరిని పక్కకు పిలిచి, ఆ బొమ్మ కడిగినా తనకు చూపెట్టవద్దంది. గొంతు గట్టిగానే ఉంది గాని, బస్సులో ఆమె పక్కన కూర్చున్న నాకు ఆమె ఒళ్లు సన్నగా వణుకుతున్నట్టు తెలిసింది.

ఆ పందిళ్లు ఇప్పుడు లేవు. నీళ్లు అడుగంటి ఒక్కొక్క తోటే ఎండింది. కడీలు పీకి హద్దురాళ్లుగా పాతారు, తర్వాత ఆ హద్దుల్లో గోదాములు లేచాయి. అనాబ్‌షాహీ అంటే మార్కెట్లో పండ్లమ్మే అబ్బాయి నా ముఖం చూస్తాడు. పటేలు బావిని మట్టీ రాళ్లూ పోసి పూడ్చారు. దాని మీద రోడ్డు పోతోంది, ఏ మూల పడిందో నాకే తెలియదు. చిర్రగోనె ఆడే పిల్లలు లేరు, ఇటుక పట్టుకుని కెమెరా అనేవాళ్లు లేరు. రీలు కడగడం పోయింది, యాదగిరి స్టూడియో పోయింది. మా అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు ఉంది; 2005 వానాకాలంలో పోయింది. మళ్లీ ఎవరికీ ఒంటరిగా ఫోటో ఇవ్వలేదు. గోడ మీద ఆమెది ఉన్నది వాణి తీసిన ఆ ఒక్కటే. నొసటి పచ్చబొట్టు చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. దాని ముందు నుంచి మా మనవలు భయం లేకుండా అటూ ఇటూ పరుగెత్తుతారు. వాణి యాప్రాల్‌లో ఉంటుంది, బడిలో లెక్కలు చెబుతుంది. ఆమె ఫోను వెనక మూడు లెన్సులున్నాయి. వేలితో ముట్టుకుంటే ఒకటి పోయి ఒకటి వస్తుంది, ఎవరూ ముందుకు నడవనక్కర్లేదు, వెనక్కి నడవనక్కర్లేదు. వెంచర్ల మధ్య ఇంకా ఎక్కడైనా పాత బావి కనిపిస్తే కారు ఆపి, మూత ఉందో లేదో దిగి చూసి వస్తుంది.

తోటకు పోయివచ్చిన మరుసటి ఉదయం, సోమవారం, దవాఖానకు పోయే ముందు వాణిని స్కూటరు మీద ఎక్కించుకుని తోటకు తీసుకెళ్లాను. పటేలు అప్పటికే ఇద్దరు మనుషులను పెట్టి బావి చుట్టూ రేగుకంపలు పరిపిస్తున్నాడు. కంప ఇంకా పడని వైపు నుంచి, ఆమె చేయి పట్టుకుని, అంచు దాకా తీసుకెళ్లి చూపించాను. లోపల చాలా కింద నల్లటి నీళ్లు, గోడ వెంట దిగిన ఇనుప పైపు. గడ్డిలో చిన్న చెప్పు ఈడ్చిన గీత ఒకటి, అంచుకు బెత్తెడు ఇవతల ఆగి ఉంది. ఆమె దాన్ని చూసింది. తన కాలి వైపు చూసుకుంది. ఆమె ముఖంలో రంగు పోవడం నేను చూశాను. నాకు ఎన్నో ఏళ్లుగా తెలిసిన భయం ఆ ముఖంలోకి మొదటిసారి వచ్చింది.

"మీరందరు గందుకే గట్ల నిలబడ్డరా?"

"అవును బిడ్డా."

"అవ్వకు గూడ తెలుసా?"

"తెలుసు."

దారంతా నా చొక్కా వెనకనుంచి పిడికిళ్లతో పట్టుకుని కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి యాదగిరి రెండు కెమెరాలూ పెట్టుకుని అరుగు మీద ఉన్నాడు. "బావా, ఇగ సోంచాయించేది ఏమున్నది. పొట్టి లెన్సు ఉంటే పిల్ల అడుగు గూడ ఎన్కకు ఎయ్యకపోవు" అన్నాడు. అతను చెప్పింది నిజమే. రాత్రంతా నేనూ ఆ లెక్కే వేశాను. కాని ఆ లెక్కలో ఇంకో సగముంది. పిల్ల ఎలాగో ఆ అంచుకు చేరాక సంచి మొత్తం చేతిలో ఉంటే, అవ్వ ముఖం పెద్దగా కావాలన్నప్పుడు, వాణి ఉన్నచోటే ఆగి, తల వంచి, పొడుగు లెన్సు కోసం వెతుక్కునేది. బావి అంచున. ఒక్క లెన్సే కాబట్టి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. నేను నల్ల డబ్బా తీసుకుని, తోలు సంచి అతని వైపు జరిపాను.

మా అమ్మ గడపలో కూర్చుని శాటలో బియ్యం చెరుగుతోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ రాత్రి ఆమె కూడా నిద్రపోలేదు. వాణి చెప్పులు విడిచి, తిన్నగా పోయి, ఆమె వీపుకు ముఖం ఆనించి, రెండు చేతులూ మెడ చుట్టూ వేసి కూర్చుంది.

"ఏందే, బడికి పోవా?" అంది మా అమ్మ. "జరుగు. శాటల నీ నీడ పడ్తాంది, రాళ్లు గనబడ్తలెవ్వు."

వాణి జరగలేదు.